గ్రామమును గూర్చి వాదించిన గ్రంథము
రాజ్యాంగ పరిషత్తు చర్చల ప్రదర్శన - పంచాయతీ సభ్యులకు పరిచయము

ప్రదర్శన యనగానే మన పల్లెలలో జ్ఞప్తికి వచ్చునవి కొన్ని కలవు. మేలురకపు విత్తనములు, కొత్త పనిముట్లు, పశువుల పోటీలు, ఆరోగ్యశాఖవారి రంగుల పటములు. వానిని జనులు చేతితో తాకి చూచెదరు, ధర యడిగెదరు, ఇంటికి వెళ్లి చెప్పుకొనెదరు. ఒక పుస్తకమును ప్రదర్శనకు పెట్టినచో చూచువారెవరు? పైగా అది ఇంగ్లీషు పుస్తకము. పన్నెండు సంపుటములు. అందులో బొమ్మలు లేవు, కథ లేదు.

అయినను పంచాయతీ సభ్యులు ఒక్కసారియైనను చూడవలసిన పుస్తకమదియని మా అభిప్రాయము. మన దేశపు రాజ్యాంగములోనికి గ్రామపంచాయతీ అను మాట ఎట్లు వచ్చినదో, అది రాకుండ పోవుట ఎంత కొద్దిలో తప్పినదో ఆ పుటలు చెప్పును. అందలి వాదములో మన ప్రాంతపు పెద్దలు ముందు నిలిచిరి. నేడు పంచాయతీ కార్యాలయములో కుర్చీపై కూర్చుండు ప్రతి సభ్యుని హక్కునకును మూలము వెదకినచో ఆ పుటలకే చేరవలెను.

నవంబరు 26వ తేదీని రాజ్యాంగ దినముగా 2015 నుండి దేశమంతట జరుపుచున్నారు. ఆ దినమున పంచాయతీ కార్యాలయములోనో, పాఠశాలలోనో ఈ గ్రంథమును గూర్చి ఒక చిన్న ప్రదర్శన పెట్టుట కష్టము కాదు. అందులో ఏ పుటలు చూపవలెను, వానినిగూర్చి ఏమి చెప్పవలెను అను విషయమును ఇచట వివరించుచున్నాము.

ఇది ఏ గ్రంథము?

మన రాజ్యాంగమును రచించిన సభకు రాజ్యాంగ పరిషత్తు అని పేరు. అది 1946 డిసెంబరు 9వ తేదీన ఢిల్లీలో మొదటిసారి సమావేశమైనది. ఆ సభ కూర్చున్న మందిరమే తరువాత పార్లమెంటు భవనములో సెంట్రల్ హాలు అని ప్రసిద్ధి చెందినది. ఆ పాత భవనమునకు 2023లో సంవిధాన్ సదన్ అని పేరు పెట్టిరి. సభకు బాబూ రాజేంద్రప్రసాదు అధ్యక్షులు. రాజ్యాంగపు ముసాయిదాను తయారుచేసిన సంఘమునకు డాక్టరు అంబేద్కరు అధ్యక్షులు.

ఆ సభలో పలికిన మాటలను షార్టుహాండు లేఖకులు వ్రాసికొనిరి. వానిని దినముల వారీగా అచ్చువేసిన అధికార నివేదికయే రాజ్యాంగ పరిషత్తు చర్చల గ్రంథము. మొదటి సంపుటము 1946 డిసెంబరు సమావేశముతో ఆరంభమగును. పండ్రెండవ సంపుటములో 1950 జనవరి 24వ తేదీ ఒక్క దినపు కార్యక్రమమే యున్నది. సభ్యులు రాజ్యాంగ ప్రతులపై చేవ్రాళ్లు చేసిన దినమది. లోక్‌సభ సచివాలయము ఈ చర్చలను పునర్ముద్రించినది. ఇప్పుడు ఇంటర్నెట్టులో ఎవరైనను వెల లేకుండ చదువుకొనవచ్చును.

ఈ పుస్తకము చట్టము కాదు. చట్టము వెనుకనున్న ఆలోచన. రాజ్యాంగములోని ఒక అధికరణమునకు అర్థమేమని సందేహము కలిగినపుడు న్యాయవాదులు, న్యాయమూర్తులు, చట్టసభల సభ్యులు దీనిని తిరుగవేయుదురు. ఏ మాట ఎందుకు చేర్చిరి, ఏ మాట ఎందుకు తీసివేసిరి, ఎవరు వలదనిరి, వారికిచ్చిన సమాధానమేమి అను సంగతులు ఇందులో దొరకును.

లెక్కలు చెప్పు సంగతి

ప్రదర్శనలో మొదటి అట్టపై కొన్ని అంకెలు వ్రాయుట మంచిది. ఇవి 1949 నవంబరు 25, 26 తేదీలలో డాక్టరు అంబేద్కరు, బాబూ రాజేంద్రప్రసాదు సభలో చేసిన ఉపన్యాసములలో నున్నవి.

పరిషత్తు 11 సమావేశములలో 165 దినములు కూర్చున్నది. అందులో 114 దినములు ముసాయిదాపైననే గడచినవి. 1948 ఫిబ్రవరిలో సిద్ధమైన ముసాయిదాలో 315 అధికరణములుండెను. ముగియునప్పటికి అవి 395 అయినవి. సభ్యులు ఇచ్చిన సవరణలు సుమారు 7,635. వానిలో 2,473 సవరణలు సభలో నిజముగా ప్రతిపాదింపబడినవి. 1949 నవంబరు 22 వరకు అయిన ఖర్చు 63,96,729 రూపాయలు.

ఇంకొక అంకె పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగ గమనింపదగినది. రాజ్యాంగము చర్చలో నున్న కాలములో 53,000 మంది ప్రేక్షకులు గ్యాలరీలో కూర్చుండి చూచిరని అధ్యక్షులు చెప్పిరి. దేశ విభజన జరిగి, లక్షలాది జనులు ఇల్లు వాకిలి విడిచి వచ్చుచున్న రోజులవి. అట్టి సమయములోనైనను సభ తలుపులు మూసికొని పని జరుపలేదు. మన గ్రామసభ జరుగునపుడు ఎందరు వచ్చుచున్నారని మనలను మనము ప్రశ్నించుకొనుటకు ఈ అంకె పనికివచ్చును.

మొదటి పుట: 1948 నవంబరు 4

ప్రదర్శనలో తెరచి పెట్టవలసిన మొదటి పుట ఏడవ సంపుటములోనిది. 1948 నవంబరు 4వ తేదీన డాక్టరు అంబేద్కరు ముసాయిదాను సభయెదుట పెట్టి దీర్ఘముగ ఉపన్యసించిరి. ఆ ముసాయిదాలో గ్రామపంచాయతీలను ఏర్పరచవలెనని చెప్పు అధికరణమే లేదు. ఈ లోపమును గూర్చి అప్పటికే విమర్శలు వచ్చియుండెను.

డాక్టరు అంబేద్కరు ఆ విమర్శలకు సూటిగా బదులు చెప్పిరి. రాజ్యములు పోయినను గ్రామములు నిలిచినవని కొందరు గర్వముగ చెప్పుకొనుచున్నారు. నిలిచియుండుట ఒక్కటే గొప్పతనము కాదు, ఏ స్థాయిలో నిలిచినవన్నదే ప్రశ్న అని వారు వాదించిరి. గ్రామము సంకుచిత బుద్ధికి, అజ్ఞానమునకు, కులభేదములకు నెలవని కఠినముగ పలికిరి. ముసాయిదా గ్రామమును కాక వ్యక్తిని ప్రమాణముగ గైకొన్నందుకు తాము సంతోషించుచున్నామనిరి.

ఈ పుటను దాచవలెనని కొందరికి తోచవచ్చును. పంచాయతీ ప్రదర్శనలో పంచాయతీని విమర్శించు మాటలెందుకని అడుగవచ్చును. మేము అట్లు తలంచుట లేదు. ఊరి బావిలో నీరు తోడుకొనుటకు వీలులేక, ఊరి బడిలో దూరముగ కూర్చుండి చదువుకొనిన జనుల పక్షమున వచ్చిన మాటలవి. ఊరి పెద్దల చేతికి అధికారమిచ్చినచో ఊరి చివరనున్నవారి గతి ఏమి అను భయము ఆ మాటల వెనుక కలదు. బేగం ఐజాజ్ రసూల్ మొదలగు మరికొందరు సభ్యులును వ్యక్తి హక్కులకే ప్రాధాన్యమీయవలెనని చెప్పిరి. ఆ భయము నేడు పూర్తిగా తీరినదని ఏ పంచాయతీయైనను చెప్పగలిగినపుడు ఈ పుటను ప్రదర్శననుండి తీసివేయవచ్చును.

రెండవ పుట: మనవారి సమాధానము

తరువాతి దినములలో జరిగిన చర్చయే రెండవ పుట. చాలమంది సభ్యులు డాక్టరు అంబేద్కరుగారి మాటలతో ఏకీభవింపలేదు. వారిలో ముగ్గురిని మన పాఠకులు ప్రత్యేకముగ ఎరుగుదురు.

మొదటివారు టంగుటూరి ప్రకాశం పంతులుగారు. అప్పటికి వారి వయస్సు 76 ఏండ్లు. మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేసి, ఫిర్కాల వారీగా గ్రామాభివృద్ధి పథకమును ఆరంభించిన అనుభవము వారికి కలదు. పాతకాలపు పంచాయతీలనే తిరిగి తెండని తాము కోరుట లేదని వారు స్పష్టముగ చెప్పిరి. కాలమునకు తగిన కొత్త పంచాయతీ కావలెను. గ్రామస్థులు తమను తాము పాలించుకొని, ధనము సమకూర్చుకొని, దానిని ఖర్చుపెట్టుకొను నిజమైన అధికారము వారి చేతిలో నుండవలెను అని వారి వాదము. అధికారముతోపాటు ధనమును గూర్చి కూడ ఆనాడే మాటలాడిన ఆ ముందుచూపు మెచ్చదగినది.

రెండవవారు ఆచార్య రంగాగారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించిన రైతు నాయకులు. దక్షిణ దేశములో వెయ్యేండ్లపాటు గ్రామపంచాయతీలు చేసిన పనులను ఎరిగియున్నచో డాక్టరు అంబేద్కరుగారు ఆ మాటలు అనియుండరని వారు వాదించిరి. అధికారమంతయు ఢిల్లీలో కుప్పపోసిన ప్రజలకు మేలు కలుగదని హెచ్చరించిరి.

మూడవవారు మాడభూషి అనంతశయనం అయ్యంగారు. తరువాత లోక్‌సభకు స్పీకరు అయినవారు. గ్రామములను స్వపరిపాలనకు పునాదిగా చేయవలెనని వారును గట్టిగా కోరిరి.

ముసాయిదా సంఘమువారి పక్షమున సమాధానము చెప్పినవారిలో నెల్లూరు జిల్లా పుదూరు గ్రామమున జన్మించిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారొకరు. స్థానిక పరిపాలన విషయములో రాష్ట్రములకు విస్తారముగ అధికారములున్నవి. అవి తలచుకొన్నచో గ్రామములను పరిపాలనా భాగములుగ ఏర్పరచుటకు అడ్డు ఏమియు లేదని వారనిరి. ఈ విధముగ ఇరుపక్షములందును మన ప్రాంతపువారుండిరి. హైదరాబాదు సంస్థానపు స్థానములు మాత్రము నిండలేదు. కనుక తెలంగాణపు పల్లెల తరఫున ఆ చర్చలో మాటలాడుటకు ప్రతినిధులు లేకపోయిరి.

ఇంకొక సంగతి ఈ పుటకు జతచేయవలెను. అంతకు ఆరు నెలలముందు, 1948 మేలో, బాబూ రాజేంద్రప్రసాదుగారు రాజ్యాంగ సలహాదారులైన బెనెగల్ నరసింగరావుగారికి లేఖ వ్రాసిరి. గ్రామమునుండి ఆరంభించి పైకి పోవు పద్ధతిని పరిశీలింపుడని సూచించిరి. ప్రత్యక్ష ఎన్నికల పద్ధతిని సభ అప్పటికే నిర్ణయించినందున మొదటినుండి మార్చుట కష్టమని సలహాదారుల సమాధానము. సభాధ్యక్షుల సూచనయే ఆలస్యమైపోయిన వేళ, ఆ మాటను రాజ్యాంగములో చేర్పించుట సులభమైన పని కాదని పాఠకులు గ్రహింపగలరు.

మూడవ పుట: 1948 నవంబరు 22

మొదటి ఉపన్యాసము జరిగిన పదునెనిమిది దినములకు, నవంబరు 22వ తేదీన, కె. సంతానం గారు ఒక సవరణ ప్రతిపాదించిరి. 31-ఎ అను సంఖ్యతో కొత్త అధికరణము చేర్చవలెనని అందలి సారాంశము. రాజ్యము గ్రామపంచాయతీలను ఏర్పరచుటకు చర్యలు గైకొనవలెను. అవి స్వపరిపాలనా సంస్థలుగా పనిచేయుటకు అవసరమైన అధికారములను వానికి ఇయ్యవలెను. ఆ అధికారములెవ్వియో, పంచాయతీ ఎంత పెద్దదిగ నుండవలెనో సవరణలో చెప్పలేదు. దానిని రాష్ట్రముల చట్టములకే విడిచిరి.

డాక్టరు అంబేద్కరు లేచి సవరణను అంగీకరించుచున్నామని ఒక చిన్న వాక్యములో చెప్పిరి. తాము కఠినముగ విమర్శించిన విషయమే సభలోని చాలమంది కోరికయని కనబడినపుడు పట్టుదల వహింపలేదు. ప్రకాశంగారు మొదలగువారు సంతోషము తెలిపిరి. సభ సవరణను ఆమోదించినది. నేడు రాజ్యాంగములోని 40వ అధికరణము అదియే.

ఈ మూడు పుటలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఒక సంగతి తెలియును. వాదము తీవ్రముగ జరిగినది. మాటలు నొప్పి కలిగించినవి. అయినను ఎవరును సభ విడిచిపోలేదు, ఎవరి మాటయు పుస్తకమునుండి తీసివేయబడలేదు. గెలిచిన సవరణ ఎంత శ్రద్ధగా అచ్చయినదో, ఓడిన సవరణలును అంత శ్రద్ధగానే అచ్చయినవి. హిందూస్తానీలో చేసిన ఉపన్యాసములకు ఇంగ్లీషు అనువాదమిచ్చి, అది అనువాదమని గుర్తుకూడ వేసిరి.

నలుబదినాలుగేండ్ల నిరీక్షణ

40వ అధికరణము ఆదేశిక సూత్రములలోనిది. ప్రభుత్వము దానిని మనస్సునందుంచుకొనవలెను గాని, అమలుచేయలేదని న్యాయస్థానమునకు పోవుటకు వీలులేదు. అందుచేత పంచాయతీల భాగ్యము చాలకాలము ప్రభుత్వముల ఇష్టాయిష్టములపై ఆధారపడినది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము మూడంచెల పద్ధతిని సూచించినది. 1959 అక్టోబరు 2న రాజస్థానములోని నాగౌరులో ప్రధాని నెహ్రూ దానిని ఆరంభించిరి. అదే నెలలో మన రాష్ట్రములో షాద్‌నగరులో ఆరంభమైనది. కొంతకాలము ఉత్సాహముగ సాగి, పిమ్మట చాలచోట్ల ఎన్నికలు ఏండ్ల తరబడి వాయిదా పడినవి. 1989లో తెచ్చిన రాజ్యాంగ సవరణ బిల్లు రాజ్యసభలో వీగిపోయినది.

తుదకు 1992 డిసెంబరులో పార్లమెంటు 73వ సవరణను ఆమోదించగా, అది 1993 ఏప్రిలు 24 నుండి అమలులోనికి వచ్చినది. గ్రామసభకు రాజ్యాంగములో స్థానము లభించినది. పంచాయతీ కాలము అయిదేండ్లని, ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘము జరుపవలెనని, నిధుల విషయము పరిశీలించుటకు రాష్ట్ర ఆర్థిక సంఘముండవలెనని నిర్ణయమైనది. పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు చేరినవి. షెడ్యూలు కులములకు, షెడ్యూలు తెగలకు జనాభానుబట్టి స్థానములు, స్త్రీలకు మూడవవంతునకు తగ్గకుండ స్థానములు ప్రత్యేకింపబడినవి.

ఇచట మొదటి పుటను తిరిగి జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1948లో ప్రకాశంగారు కోరిన అధికారము, ధనము ఒక ప్రక్క. డాక్టరు అంబేద్కరుగారు వ్యక్తపరచిన భయమునకు సమాధానముగ ప్రత్యేక స్థానములు మరియొక ప్రక్క. 73వ సవరణలో రెండును కలిసినవి. నాడు పరస్పరము వాదించుకొనిన రెండు పక్షములకును నేటి పంచాయతీ ఋణపడియున్నది.

మన తీర్మానముల పుస్తకము

కొంతకాలము క్రితము మేము ఒక గ్రామమునకు పోయినపుడు ఒక వివాదము మా చెవిని పడినది. ఊరి చివర వాడవారు శ్మశానమునకు పోవు దారి గూర్చి తగవు. దారి విడిచిపెట్టుటకు పంచాయతీ వెనుక తీర్మానించినదని వాడవారు చెప్పిరి. తీర్మానించినమాట నిజమే గాని, అది కాలిదారి మాత్రమేయని ప్రక్క పొలములవారు చెప్పిరి. తీర్మానముల పుస్తకము తెప్పించి చూచితిమి. పుస్తకము చెదలు పట్టక భద్రముగనే యుండెను. పుట దొరకినది. అందులో దారి విషయము చర్చించి సభ్యులందరు ఆమోదించిరని ఒక్క వాక్యమున్నది. సర్వే నంబరు లేదు. దారి వెడల్పు లేదు. ఎవరు అడిగిరో, ఎవరు అభ్యంతరము చెప్పిరో, ఆ అభ్యంతరమునకు బదులేమో లేదు. ఆనాటి సభ్యులలో ఇద్దరు బ్రతికియున్నారు. ఇద్దరును రెండు విధములుగ చెప్పిరి. మేము అచటనున్న రెండు దినములలో తగవు తీరలేదు. శవమును మోసికొని పోవువారు గట్టుమీద ఒకరివెనుక నొకరు నడువవలసిన స్థితియే మిగిలినది.

ఆ ఒక్క వాక్యమునకు బదులు పది వాక్యములు వ్రాసియుండినచో ఆ దారి నేడు దారిగానే యుండెడిది. పెద్ద సభ గ్రంథమునకు, చిన్న సభ పుస్తకమునకు ప్రయోజనము ఒక్కటే. మాట్లాడినవారు పోయిన పిదప వారి మాట నిలుచుట.

కనుక ప్రతి తీర్మానమునందును ఈ క్రింది సంగతులుండునట్లు సభ్యులు చూచుకొనవలెను. సమావేశము జరిగిన తేదీ, వేళ, స్థలము, వచ్చినవారి పేర్లు, విషయము ఎవరు తెచ్చిరి, ఎవరు ఒప్పుకొనలేదు, కారణమేమి, భూమి సంగతియైనచో సర్వే నంబరు, కొలతలు, ఎల్లలు, డబ్బు సంగతియైనచో ఏ పద్దునుండి ఎంత, పని ఎవరు చేయించవలెను, ఎప్పటిలోగా. వ్రాసిన దానిని సభలోనే పైకి చదివించి, విని, ఆ తరువాత చేవ్రాలు చేయవలెను. ఖాళీ పుటపై చేవ్రాలు పెట్టుట ఎంత మాత్రము తగదు. చదువురాని సభ్యులకు, కొత్తగా వచ్చిన స్త్రీ సభ్యులకు ఇది మరింత అవసరము; తమ పేరున ఏమి వ్రాసిరో వినుట వారి హక్కు.

ప్రదర్శన ఏర్పాటు

దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఆరు అట్టలు చాలును. మొదటి అట్టపై పైన చెప్పిన అంకెలు. రెండవదానిపై డాక్టరు అంబేద్కరుగారి విమర్శ. మూడవదానిపై ప్రకాశం, రంగా, అనంతశయనం అయ్యంగార్ల సమాధానము. నాలుగవదానిపై నవంబరు 22నాటి సవరణ. అయిదవదానిపై 73వ సవరణలోని ముఖ్యాంశములు. విమర్శకు, సమాధానమునకు ఒకే కొలత అట్ట, ఒకే కొలత అక్షరములు వాడవలెను. ఒకదానిని చిన్నదిగ చేసినచో ప్రదర్శనయే అబద్ధమగును.

మూల పుటలను ఇంటర్నెట్టునుండి అచ్చు తీయించి బల్లపై పెట్టవచ్చును. గ్రామ పాఠశాల ఉపాధ్యాయులను వానిని తెలుగులోనికి మార్చి ఇండని కోరవచ్చును. బడిపిల్లలలో ఒకరు విమర్శను, ఒకరు సమాధానమును చదివినచో చదువురానివారును విని తెలిసికొందురు. చదువు ముగిసిన పిదప పెద్దలు ఉపన్యాసములు చేయుటకన్న, వినినవారిని ప్రశ్నలడుగనిచ్చుట మేలు.

ఆరవ అట్టపై ఏమియు వ్రాయనక్కరలేదు. దాని క్రింద బల్లపై మీ పంచాయతీ తీర్మానముల పుస్తకమును, కడపటి గ్రామసభ పుట తెరచి, ఉంచుడు. ఊరివారు వచ్చి చదువనిండు. తమ వీధి దీపము సంగతి, తమ కాలువ సంగతి అందులో నున్నదో లేదో వారే చూచుకొందురు. ఆ పుటను తెరచి పెట్టుటకు సంకోచము కలిగినచో, ఆ సంకోచమునకు కారణమేమో రాబోవు సమావేశములో మొదటి విషయముగ చర్చింపవలసియుండును.